జిన్ను పరీక్ష

వస్తుపరీక్ష గృహిణికి మొదటి విద్య. ఇంగువలో జిగురు కలిసినదా, నేతిలో వనస్పతి కలిసినదా, కుంకుమపువ్వు నిజమైనదా లేక రంగు వేసిన పీచా, తేనె పట్టునుండి పిండినదా లేక బెల్లపు పాకమా అను విషయములను కంటితోను, ముక్కుతోను, నాలుకతోను తేల్చుకొనలేని గృహిణి యెంత చదివినను అంగడివాని చేతిలో బొమ్మయే. ఈ విద్యను మన తల్లులు మనకు వంటయింటిలోనే నేర్పిరి. కాని కొన్ని వస్తువుల విషయమున మాత్రము వారు నేర్పినది తల త్రిప్పుకొనుట యొక్కటియే. అట్టివానిలో మద్యము మొదటిది.

అందుచే పై శీర్షికను చూచి సోదరీమణులలో కొందఱు పత్రికను మూసివేయవచ్చును. మూయకముందే వారికొక మాట విన్నవించుకొనుచున్నాము. మేము మద్యమును ముట్టువారము కాము. మా యింట నది యెన్నడును అడుగుపెట్టలేదు. ఎవ్వరినైనను త్రాగుమని గాని, త్రాగుట నాగరికతయని గాని చెప్పుట మా యుద్దేశము కాదు. అయినను తెలియుట వేఱు, త్రాగుట వేఱు. నేడు మన బిడ్డలు, మఱదులు, మేనల్లుండ్రు లండనులోను, డల్లాసులోను, సిడ్నీలోను కాపురములున్నారు. వారి యిండ్లలో బల్లమీదికి వచ్చు సీసా సంగతి మనకు తెలియనట్లు నటించినంత మాత్రమున నది లేకపోదు. తెలియని వస్తువును గూర్చి మనము చెప్పు హితవు ఎవరి చెవికి నెక్కదు. తెలిసి చెప్పినది కొంత యెక్కవచ్చును.

మాకీ విషయమును తెలిసికొనవలసిన యవసరము క్రిందటి వేసవిలో కలిగెను. మా మఱది లండనునకు దగ్గఱలో ఉద్యోగము చేయుచున్నాడు. బడి సెలవులలో మేమును మావారును వారింట నెలదినములకు పైగా నుంటిమి. మా తోడికోడలు చదువుకొన్నది, మర్యాద యెఱిగినది, మాకంటె పదేండ్లు చిన్నది. ఒకనాటి సాయంకాలము అత్తెసరు పెట్టుటకై మేము బియ్యపు డబ్బాను జరుపగా దాని వెనుక పెద్ద సీసా యొకటి కనబడెను. పైని జిన్ను అని వ్రాసియుండెను. సగమునకు మించి ఖాళీయై యుండెను. ఆమె ముఖము వెలవెలబోయెను.

"అక్కయ్యా, మీరు వత్తురని దాచితిని. ఆయన శుక్రవారము రాత్రి మార్టినీ యని యొక గ్లాసు కలుపుకొనుట అలవాటు. మొదట శుక్రవారమే. ఇప్పుడు బుధవారము కూడ శుక్రవారమైనది. కొలత లేదు. చవుక యని పెద్ద సీసా తెచ్చును. వద్దని కలహించిన ఇల్లు చెడును, ఊరకున్న మనసు చెడును. ఏమి చేయుదును?" అని యామె కన్నీరు పెట్టుకొనెను.

ఊరిలోని మా అత్తగారికి తెలిసిన నామె యీ కొడుకింట మంచినీళ్లు కూడ ముట్టదు. మావారు విని, పెద్దవారము చూడనట్లుండుటయే మర్యాద యనిరి. మాకట్లు తోచలేదు. మేము ఆ సీసాను బియ్యపు డబ్బా వెనుకనుండి తీయించి, అందఱకు కనబడు అలమారులో పెట్టించితిమి. తరువాత, మఱదితో మాటలాడుటకు ముందు, అసలా వస్తువేమో, అందు మంచిదేదో, చెడ్డదేదో తెలిసికొన మొదలిడితిమి. పుస్తకములు చూచితిమి, అంగడిలో సీసాలపై వ్రాసిన చీటీలు చదివితిమి, వాసన చూచితిమి. మాకు తెలిసినది యీ క్రింద వ్రాయుచున్నాము.

జిన్ను అనగా ధాన్యము మొదలగు వానినుండి తీసిన శుద్ధమైన మద్యసారమునకు జునిపరు కాయల పరిమళము పట్టించిన పానము. ద్రాక్షసారాయివలె దీనికి పండు రుచి లేదు. విస్కీవలె కొయ్యపీపాలలో ఏండ్ల తరబడి నిలువ యుంచుటయు సాధారణముగా లేదు. ఉన్న గుణమంతయు వాసనయందే యున్నది. సారమునందు కాయలు, గింజలు, వేళ్లు, తొక్కలు నానబెట్టి రాగిబానలో కాచుదురు. ఆవిరితోకూడ సుగంధతైలములు పైకి లేచి, గొట్టములో చల్లబడి, బొట్లు బొట్లుగా దిగును. గులాబులనుండి పన్నీరు దించు పద్ధతి వంటిదే యిదియు. మొదట దిగినదానిని, కడపట దిగినదానిని వేఱుచేసి నడిమిభాగమునే గ్రహింతురు. ఆ నడిమిభాగమును ఎచ్చట మొదలిడి ఎచ్చట ఆపవలెనో తెలిసినవాడే నేర్పరి.

జునిపరును కాయ యందురే గాని నిజమునకది కాయ కాదు. దేవదారు వంటి చెట్లకుండు పొలుసుల బుడిపె వంటిదే. ఇందు పొలుసులు కండపట్టి యొకటిగా కలిసిపోవుటచే చూచువారికి కాయవలె కనబడును. పండుటకు రెండు మూడేండ్లు పట్టును. కావున నొకే కొమ్మపై పచ్చివియు, నల్లని నీలిరంగు తిరిగినవియు కలిసియుండును. బాల్యమున మా తండ్రిగారు మాకు కావ్యములతోపాటు వైద్యగ్రంథములను గూడ కొంత చెప్పిరి. అందు గుల్మము మొదలగు ఉదరరోగములకు చెప్పిన ద్రవ్యములలో హపుష యను పేరు చదివితిమి గాని వస్తువును చూచి యెఱుగము. హిమాలయ ప్రాంతములయందును పెరుగు ఈ జునిపరే మన వైద్యుల హపుష యని తెలిసినపుడు, దూరపు దేశపు సీసాలో మా చిన్ననాటి పాఠము కనబడినట్లయ్యెను. 2017 నుండి గోవాలో జిన్ను కాచు చిన్న కర్మాగారములు వెలసినవి. అందొకటి హిమాలయపు జునిపరును వాడి తన జిన్నుకు హపూసా యనియే పేరు పెట్టినది.

జునిపరు తరువాత ముఖ్యమైన ద్రవ్యము పేరు వినిన మీరు నవ్వుదురు. అది ధనియాలు! ఇంచుమించు ప్రతి జిన్నులోను ధనియాలు పడును. ఆ పైని ఏంజెలికా యను మొక్క వేరు. ఇది మన ధనియాలు, వాము, జీలకఱ్ఱల కుటుంబములోనిదే. ఐరిస్ పూమొక్క దుంపను ఏండ్ల తరబడి ఎండబెట్టి పొడిచేసి వేయుదురు. అతిమధురము వేయుదురు. నిమ్మతొక్క, నారింజతొక్క వేయుదురు. కొందఱు దాల్చినచెక్కయు, ఏలకులును, చలవమిరియాలును చేర్తురు. ఈ పట్టికను మేము చదువుచుండగా మా తోడికోడలు, "ఇది మన పచారుకొట్టు చీటీవలె నున్నదే అక్కయ్యా" అనెను. ఆమె చెప్పినది నిజము. ఈ ద్రవ్యముల వాసనలు మనకు కొత్తవి కావు. కనుక దీనిని పరీక్షించుటకు నాలుక అక్కఱలేదు. ధనియాలు వేయించి దంచిన గృహిణి ముక్కు చాలును.

అయితే ఈ వస్తువు చరిత్ర మాత్రము సుగంధము కాదు. జిన్ను మూలము హాలెండులో పుట్టినది. అచ్చటి జెనీవర్ అను పేరే కుఱచయై ఇంగ్లండులో జిన్ను అయ్యెను. 1688లో హాలెండు ప్రభువైన విలియము ఇంగ్లండునకు రాజుగా వచ్చిన తరువాత, ఫ్రెంచివారి బ్రాందీపై సుంకములు హెచ్చెను. స్వదేశధాన్యమునుండి సారాయి కాచుటకు ప్రోత్సాహము లభించెను. కొలది యేండ్లలో లండను పేదల వీధులు జిన్ను కొట్లతో నిండిపోయెను. ఆ కాలపు జిన్నులో జునిపరునకు మాఱు టర్పెంటైను కలుపుటయు నుండెను. 1736లో చిల్లరగా అమ్మువారు ఏటేట 50 పౌనులు చెల్లింపవలెనని శాసనము చేసిరి. దానివలన చాటుమాటు అమ్మకము పెరిగెను గాని త్రాగుట తగ్గలేదు. 1743లో దానిని రద్దుచేసిరి. తుదకు 1751లో చేసిన శాసనము తరువాత గాని కొంత శాంతి కలుగలేదు. ఆ యేటనే హోగార్తు అను చిత్రకారుడు జిన్ను సందు అను చిత్రమును అచ్చువేసెను. అందు మెట్లపై కూర్చుండిన యొక తల్లి మత్తులో ముక్కుపొడుము కొఱకు చేయి చాపుచుండగా, ఆమె ఒడిలోని బిడ్డ జాఱి తలక్రిందుగా పడుచుండును. ఆ చిత్రమును చూచిన తల్లి యెవ్వతెయు మఱచిపోజాలదు. ఆ వీధిలో బాగుపడుచున్నవారిలో కుదువపెట్టుకొనువాడును, శవపేటికలు చేయువాడును కలరు.

ఆ కాలపు సారము ముతకది, దుర్వాసన కలది. దానిని కప్పిపుచ్చుటకై చక్కెర కలుపుచుండిరి. ఆ తీపిజిన్నునకు ఓల్డ్ టామ్ అని పేరు. 1830లో, ఐర్లండులో సుంకపు అధికారిగా పనిచేసిన ఈనియాస్ కాఫీ అనునతడు, ఎడతెగక కాచు స్తంభయంత్రమొకదానికి హక్కుపత్రము పొందెను. ఇట్టి యంత్రములవలన సారము మునుపటికంటె నెంతో శుద్ధముగా దిగసాగెను. దాచవలసిన దుర్వాసన లేనపుడు చక్కెరతో పనిలేదు. అట్లు చక్కెర లేని జిన్ను పుట్టెను. దీనినే డ్రై జిన్ను, అనగా తీపి లేని జిన్ను అందురు. సోదరీమణులారా, ఈ యొక్క సంగతి గుర్తుంచుకొనుడు: తీపియు, రంగును, ఘాటైన పూలవాసనయు తఱచుగా దాచుటకే వచ్చును. చద్దిపులుసులో బెల్లము హెచ్చుగా వేసిన కోడలి యుపాయమును అత్తగారు గుర్తుపట్టదా?

ఇక మార్టినీ. ఇది 19వ శతాబ్దపు చివరిభాగమున అమెరికాలో రూపొందిన కలయిక. 1884లో అచ్చటి పానశాలల వారి కొఱకు అచ్చయిన పుస్తకమున మార్టినెజ్ అను పేర దీని పూర్వరూపము కనబడును. అప్పుడది తీపిపానము. కాలక్రమమున తీపి తగ్గి, తగ్గి, నేటి రూపము వచ్చెను. నేడు పానశాలల వారి అంతర్జాతీయ సంఘము చెప్పు కొలత ప్రకారము 60 మిల్లీలీటర్ల జిన్ను, 10 మిల్లీలీటర్ల తీపి లేని వెర్మూతు. రెంటిని మంచుగడ్డలతో కలియబెట్టి, వడియగట్టి, నిమ్మతొక్క నూనెను పైని చిందించి గాని, ఒక ఆలివుకాయను వేసి గాని యిత్తురు. అంతే. పండ్లరసము లేదు, పానకము లేదు, సోడా లేదు.

వెర్మూతు అనునది మూలికలు నానవేసి, కొంత సారము చేర్చిన ద్రాక్షసారాయి. ఆ మాట జర్మనుల భాషలో నొక మూలిక పేరునుండి వచ్చినది. వినాయకచవితినాడు మనము మొట్టమొదట సమర్పించు మాచిపత్రి జాతిలోనిదే ఆ మూలిక. ఇది ద్రాక్షసారాయి కనుక సీసా మూత తీసిన తరువాత నిలువ యుండదు. ఫ్రిజ్జులో పెట్టి నెల రెండు నెలలలో వాడవలెను. మా మఱది యింట నది పొయ్యి ప్రక్క అలమారులో ఏడాదిగా నుండెను. పులిసిన పెరుగుతో మంచి మజ్జిగపులుసు పెట్టవచ్చును గాని, చెడిన వెర్మూతుతో మంచి మార్టినీ కాదు.

ఈ పానమున దాపరికమునకు చోటు లేదని యిప్పుడు మీకు తెలిసియుండును. ఉన్నది జిన్ను, దానిని వెలికితెచ్చుటకు కొంచెము మూలికల సారాయి. కనుక జిన్ను చెడ్డదైన మార్టినీ చెడ్డదే. దాని నెన్నుకొనుటకు మాకు తెలిసిన సూత్రములు మూడు.

మొదటిది, చీటీపై లండన్ డ్రై యను మాటలు. లండను అను మాట యూరిపేరు కాదు, పద్ధతి పేరు. టాంకరే జిన్ను లండన్ డ్రై యనియే అమ్ముదురు గాని అది కాచబడునది స్కాట్లండులో. యూరపు దేశముల నిబంధన ప్రకారము ఈ పేరు పెట్టుకొనవలెనన్న పరిమళమంతయు మూలికలతో కలిపి కాచుటవలననే రావలెను, తరువాత వాసనలు చేర్పరాదు, రంగు వేయరాదు, లీటరునకు 0.1 గ్రాము మించి తీపి యుండరాదు. అనగా ఆ రెండు మాటలు దాపరికము లేదను హామీ వంటివి. ఈ పేరు లేనివన్నియు చెడ్డవి కావు. ప్లిమత్ పట్టణమున 1793 నుండి కాచుచున్న జిన్ను ఈ పేరు లేకయే మార్టినీకి పేరుపొందినది. అది కొంచెము మెత్తనిది. కాని తెలియనివారికి మొదటి మెట్టు ఆ రెండు మాటలే.

రెండవది, సారపు పాలు. నూటికి ఇంత యని సీసాపై వ్రాసియుండును. యూరపులో నూటికి 37.5 పాళ్లకు తగ్గినదానిని జిన్ను అనరాదు. ఒకప్పుడు 40 పాళ్లుండిన గోర్డన్స్ జిన్నును 1992లో ఇంగ్లండున 37.5కు తగ్గించిరి, అమెరికాలో అమ్మెడు టాంకరే 47.3 పాళ్లు. మన దేశపు సీసాలపై తఱచుగా 42.8 అని యుండును. ఒకే పేరుగల సీసా దేశమునకొక తీరుగా నుండును గనుక పేరును నమ్మక అంకెను చదువవలెను. మార్టినీ కలుపునపుడు మంచు కరగి దాదాపు 20 మిల్లీలీటర్ల నీరు చేరును. సుగంధతైలములు సారమును ఆశ్రయించి యుండును. పలుచని జిన్నునకు నీరు చేరినపుడు వాసన చప్పబడును. 43 మొదలు 47 వఱకు నున్నవి నిలుచును. అయితే సారము హెచ్చిన కొలది కొలత తగ్గవలెనను మాటను కూడ వెంటనే చెప్పవలెను. దీనిని ముందు వివరింతుము.

మూడవది, వాసనల వరుస. జునిపరు ముందు రావలెను, నిబంధనయు నదియే. దాని వెనుక నిమ్మయు, ఆ వెనుక ధనియాలును, కడపట వేళ్ల మట్టివాసనయు. మూలికలు పది పండ్రెండు వేసితిమని చీటీపై పొగడుకొన్నంత మాత్రమున మేలు కాదు. టాంకరేలో పడునవి నాలుగే: జునిపరు, ధనియాలు, ఏంజెలికా, అతిమధురము. బీఫీటరులో తొమ్మిది. రెండును మార్టినీకి వన్నెగాంచినవే. నాలుగు దినుసుల చారు నలువది దినుసుల చారుకంటె తక్కువ కాదు గదా!

పరీక్షకై మేము పెద్ద సీసాలు కొనలేదు. అంగళ్లలో 50 మిల్లీలీటర్ల చిన్నసీసాలు దొరకును. అట్టివి మూడు తెప్పించితిమి. ఒకటి గులాబిరంగు వేసిన తీపిజిన్ను. ఒకటి గులాబి, దోసకాయల వాసన గలది. ఒకటి నాలుగు దినుసుల లండన్ డ్రై. ఇంటిలోని పెద్ద సీసా నాలుగవది. మూతి సన్నని గ్లాసులలో చెంచాడు చొప్పున పోసి, కొంతసేపుంచి, మొదట దూరమునుండియు, తరువాత దగ్గఱనుండియు మూచూచితిమి. ముక్కు అలసినపుడు మా పైటకొంగునే వాసన చూచి మరల మొదలిడితిమి. పిమ్మట సమముగా నీరు చేర్చి మరల చూచితిమి. నీరు చేర్చినపుడు సారపు మంట అణగి, అసలు గుణము బయటపడును.

గులాబిరంగుది పిప్పరమెంటు బిళ్లల డబ్బావలె నుండెను. నీరు చేరగానే ఆ తీపి వెనుక మఱేమియు లేదు. పూలవాసనది హాయిగా నుండెను. కాని వెర్మూతు చుక్క పడగానే పువ్వు ఒకదారి, మూలిక ఒకదారి పట్టెను. అది సోడాతోడి పానములకు తగును గాని దీనికి తగదని మాకు తోచెను. ఇంటి సీసాలోనిది చెడ్డది కాదు గాని నీటిలో మునిగిపోయెను. నాలుగు దినుసులదానిలో మొదట దేవదారు చెక్క చీల్చినప్పటి వాసన, తరువాత నిమ్మాకు నలిపినట్టి వాసన, చివర వేయించని ధనియాల తీయని వాసన, ఒకటి వెంట నొకటి వరుస తప్పక వచ్చెను. నీరు చేర్చినను ఆ వరుస చెదరలేదు. రుచి చూడకయే మేము దానిని చూపితిమి. మా తోడికోడలు చుక్క నాలుకపై వేసికొని మా నిర్ణయమును ఒప్పుకొనెను.

అప్పుడే మా మఱది ఇంటికి వచ్చెను. వదిన ముందు నాలుగు గ్లాసులు చూచి గుమ్మమునందే నిలిచిపోయెను. "వదినగారూ, ఇదేమి?" అనెను. "నీవు త్రాగునది ఏదో తెలిసికొనుచున్నాము, కూర్చుండుము" అంటిమి. అతడు నవ్వబోయి, సీసా అలమారులో నుండుట చూచి తలవంచుకొనెను. మేము కోపపడలేదు. ఒక ఖాళీ సీసానిండ నీరు పోసి యిచ్చి, "నీవు ప్రతిదినము పోసికొనునట్లే ఈ గ్లాసులో పోయుము" అంటిమి. పోసెను. ఆ నీటిని వంటయింటి కొలతగిన్నెలోనికి వంచితిమి. 115 మిల్లీలీటర్లు!

60 ఉండవలసిన చోట 115. దానిని ఒక గ్లాసని అతడు లెక్కించుకొనుచుండెను. ఇంగ్లండు వైద్యాధికారులు 2016లో చెప్పిన లెక్కలో శుద్ధసారము 10 మిల్లీలీటర్లు ఒక పాలు. స్త్రీలుగాని పురుషులుగాని వారమునకు 14 పాళ్లు మించరాదు. వానిని గూడ ఒకటి రెండు దినములలో గాక మూడు దినములకో అంతకు మించియో పంచుకొనవలెను. 47 పాళ్ల జిన్ను 60 మిల్లీలీటర్లతో కలిపిన మార్టినీ, వెర్మూతుతో చేరి, ఒక్కటియే మూడు పాళ్లు. ఐదవ గ్లాసు నిండకముందే వారపు లెక్క నిండును. మా మఱది చవుకసీసా పలుచనిదైనను, అతని చేతి కొలతలో నొక గ్లాసు నాలుగు పాళ్లు దాటుచున్నది. రాత్రికి రెండేసి గ్లాసులు, వారమునకు రెండు రాత్రులు. అతడు లెక్కలు తెలిసినవాడు. మేము చెప్పనక్కఱలేకపోయెను. చాలసేపు మాటాడక ఆ కొలతగిన్నెనే చూచుచుండెను.

ఆ రాత్రి భార్యాభర్తలు తమలో తాము మాటలాడుకొనిరి. వారు చేసికొన్న నియమము ఇది: చవుకయైన పెద్ద సీసా ఇంటికి రాదు, మంచిది చిన్నసీసాయే వచ్చును, అది కనబడుచోటనే యుండును, శుక్రవారము నాడు కొలతగిన్నెతో 45 మిల్లీలీటర్లు, ఒక్క గ్లాసు, భోజనముతో, సీసాపై తేదీ వ్రాయబడును. ఇంతవఱకు నది నిలిచినదని మా తోడికోడలు ఫోనులో చెప్పుచున్నది. ఎల్లకాలము నిలుచునని మేము పూచీపడము. నిలువని దినమున దాచకుండ చెప్పుమని మాత్రము ఆమెతో చెప్పితిమి.

ఇది చదివి కొందఱు సోదరీమణులు మమ్ము నిలదీయవచ్చును. "నెల్లూరు జిల్లా దూబగుంటలో పేదస్త్రీలు సారాకొట్టును మూయించిన దేశమున, మంచి జిన్ను నెన్నుకొనుట నేర్పుచున్నారా?" అని. 1992లో అక్షరాస్యతా పాఠములు చదువుకొన్న ఆ స్త్రీలు మొదలిడిన యుద్యమము జిల్లాలు దాటి పాకి, సారా వేలములను ఆపినది. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది సడలిపోయినది. ఆ తల్లులకు మేము చేతులెత్తి నమస్కరింతుము. వారు చేసినదేమి? భర్త యెంత త్రాగుచున్నాడో, కూలిలో నెంత పోవుచున్నదో లెక్కగట్టి, ఆ లెక్కను వీధిలో నిలిచి చెప్పిరి. ఇంటిగుట్టు అని దాచుకొన్నంతకాలము అది పెరిగెను. బయట పెట్టిననాడు వారికి బలము కలిగెను. మా తోడికోడలు బియ్యపు డబ్బా వెనుక దాచినదియు నట్టి గుట్టే. పేదయింట సారా యైననేమి, కలవారింట జిన్ను ఐననేమి, కొలత తెలియనిదే దానికి ఎదురు నిలువలేము.

కావున కడపట ఖండితముగా కొన్ని మాటలు. గర్భిణులు, గర్భము కోరువారు దీనిని ఒక్క చుక్కయు ముట్టరాదు. పాలిచ్చు తల్లులు, మందులు వాడువారు, కాలేయరోగులు వైద్యుని యడుగక ముట్టరాదు. బండి నడుపువారు ముట్టరాదు. ఆరోగ్యమునకు హాని లేని కొలత యను నది లేనేలేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో స్పష్టముగా చెప్పినది. చరకుడును మదాత్యయ మను రోగమునకు ఒక అధ్యాయమునే కేటాయించెను. మంచి జిన్ను ఐనంత మాత్రమున మందు కాదు. దాని మంచితనము వాసనలోనే గాని దేహమునకు చేయు పనిలో లేదు. ఒక గ్లాసు వద్ద చేయి ఆగనివారికి మంచిదని, చెడ్డదని లేదు. వారికి మంచి సీసా ఖాళీ సీసాయే. అట్టివారిని వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను గాని సిగ్గుపడి తలుపు మూయరాదు.

త్రాగని యిల్లు ధన్యము. త్రాగు నిల్లు మనవారిదైనపుడు మనము తల త్రిప్పుకొనక, దానిలోనున్న వస్తువును, దాని పాలును, దాని కొలతను అడిగి తెలిసికొందము. చక్కెరతో దాచిన సారమును, రంగుతో దాచిన ముతకతనమును గుర్తుపట్టిన ముక్కు, నవ్వులతో దాచిన దుఃఖమును గూడ గుర్తుపట్టగలదు. మన పోపులపెట్టె మనకా శిక్షణ నిచ్చియే యున్నది. ప్రతి వంటయింట నొక కొలతగిన్నె యుండును. దానిని పిండికిని నూనెకును మాత్రమే గాక, అవసరమైనచోట దీనికిని వాడుటకు మన సోదరీమణులు జంకకుందురు గాక.